పెట్ ప్లే గేర్: కాలర్ నుంచి తోక దాకా అపోహలు - వాస్తవాలు

నేను రాజమండ్రిలో లెదర్ పని చేస్తానండి. రోజువారీ పని బెల్టులు, బ్యాగులే, వాటితో పాటు పెట్ ప్లే ఆడే జంటలకి కాలర్లు, హార్నెస్‌లు (ఛాతీకి కట్టుకునే పట్టీలు), మిట్స్ (వేళ్ళు కనపడకుండా చేతికి వేసే తొడుగులు) ఆర్డర్ మీద కుట్టిస్తాను. 18 దాటిన ఇద్దరు ఇష్టపడి, ముందే మాట్లాడుకుని, ఒకరు కుక్కపిల్లలాగో పిల్లిలాగో గుర్రంలాగో, ఇంకొకరు వాళ్ళని చూసుకునే మనిషిలాగో ఉండే ఆట ఇది, ఇందులో నిజం జంతువులకి అసలు చోటే లేదు. ఇదో మానసిక జబ్బు అనేవాళ్ళకి ఒక్క మాట, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల లిస్ట్ ఐసీడీ-11లో ఫెటిషిజం (వస్తువుల మీద లైంగిక ఇష్టం) అనే పాత పేరు తీసేశారు. ఆ వాదన అక్కడితో వదిలేద్దాం, నాకు భయం వేసేది సామాను దగ్గరే.

అపోహ: పశువుల సామాన్ల కొట్లో దొరికేవే చాలు, ఎక్కువ డబ్బులెందుకు?

డబ్బుల సంగతి సరే, కానీ ఆ సామాను మన ఒంటికి చేసింది కాదండి. నైలాన్ పలుపు మెడ మీద ఒరుసుకుంటే చర్మం లేచిపోద్ది, గుర్రం కళ్ళెంలో ఉండే ఇనప ముక్క నోట్లో పెట్టుకుని కొరికితే పన్ను విరుగుద్ది, దాని బదులు మెత్తటి సిలికాన్‌దో రబ్బరుదో తీసుకోండి. లాగితే బిగుసుకునే చోక్ చెయిన్, ముళ్ళ కాలర్, కరెంట్ షాక్ కొట్టే కాలర్, ఈ మూడూ మనిషి మెడకి వద్దే వద్దు, సరదాకి కూడా వద్దు.

కొత్తది కొన్నాక, అది ఎవరు చేసిందైనా సరే నేను చేసింది అయినా సరే, లోపలి వైపు కొంచెం దూది పెట్టి రివెట్ల మీదుగా, అంచుల మీదుగా నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుందంటే అక్కడ గరుకు ఉన్నట్టే, చెమట పట్టాక అదే చోట గీసుకుపోద్ది. తర్వాత డి-రింగ్ (లీష్, అంటే పట్టుకునే తాడు, తగిలించే రింగు) తిప్పి చూడండి, రెండు కొసలు కలిసే చోట వెల్డింగ్ ఉండాలి, సన్నటి సందు కనిపిస్తే అది ఊరికే వంచిన తీగ, గట్టిగా లాగితే తెరుచుకుంటది. నికెల్ పూత ఉన్న బకిల్స్‌కి చాలామందికి దురద, దద్దుర్లు వస్తాయి, ఫ్యాన్సీ గాజులు పడనివాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలో గట్టి ఇత్తడో అడిగి వేయించుకోండి. లెదర్ కూడా అంతే, క్రోమియం టానింగ్ (క్రోమియంతో తోలు ఊనడం) సరిగ్గా చేయకపోతే ఒంటికి పడదు, యూరప్‌లో 2015 నుంచి చర్మానికి తగిలే లెదర్‌లో క్రోమియం-6 కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని రూలే ఉంది. నేను మెడకి తగిలే పొర మటుకు చెట్టు బెరడుతో ఊనిన తోలే వాడతాను.

అపోహ: మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్ళు దూరితే కాలర్ సేఫ్

పెట్టుకోడానికి అది సరిపోద్ది, లాగడానికి సరిపోదు. అందరూ ఇక్కడే తప్పు చేస్తున్నారు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు ఉంటాయి, అవి నొక్కుకుంటే ఊపిరి ఆడుతున్నా సరే 10, 15 సెకన్లలో మనిషి స్పృహ తప్పొచ్చు, చెయ్యెత్తి వద్దనే టైం కూడా ఉండదు. కాలర్ ఎంత వెడల్పైనా, ఎంత మెత్తగా లైనింగ్ వేసినా ఈ సంగతి మారదు. అందుకే లీష్ లాగాలంటే ఛాతీకి వేసే హార్నెస్‌కే తగిలించండి, కాలర్‌కి ఉన్న లీష్ ఊరికే వేలాడాలంతే. లీష్ రెండో కొసని మంచం కోడుకో కిటికీ గ్రిల్‌కో కట్టి పక్క గదిలోకి వెళ్ళడం చాలా ప్రమాదం, కాలు జారితే మొత్తం బరువు మెడ మీదే పడుద్ది. ఎప్పుడైనా మెడ గట్టిగా నొక్కుకుపోయి తర్వాత గొంతు మారినా, మింగలేకపోయినా, తల తిరిగినా, చెయ్యో మూతో ఒక పక్కకి లాగినట్టున్నా 108కి ఫోన్ చేయండి, రక్తనాళం లోపల చిరిగితే దాని ఎఫెక్ట్ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. సిగ్గుపడి ఇంట్లో ఉండకండి, డాక్టర్‌కి మెడ నొక్కుకుంది అని చెప్తే చాలు.

అపోహ: తాళం వేస్తేనే అసలైన కాలర్

తాళం మీ ఇష్టం, తీసే దారి మటుకు ముందే ఉండాలి. నేను ఏ వస్తువు ఇచ్చినా పెట్టుకోవడం కంటే ముందు విప్పడం చూపిస్తాను, లైట్లు ఆపి ఒక్క చేత్తో విప్పమంటాను, విప్పలేకపోతే బకిల్ మార్చి ఇస్తాను. తాళం చెవులు రెండు ఉండాలి, మొన మొద్దుగా ఉండే బ్యాండేజ్ కత్తెర చేతికందే చోట ఉండాలి. మిట్స్ వేసుకున్న మనిషి తన బకిల్ తాను విప్పుకోలేరు, కాబట్టి వాళ్ళని ఒంటరిగా వదలకూడదు. వేళ్ళు తిమ్మిరెక్కినా చల్లబడినా వెంటనే తీసేయండి. నోటికి ఏమన్నా పెడితే సేఫ్ వర్డ్ (ఆట ఆపమని ముందే అనుకున్న మాట) పలకలేరు కదా, చేతిలో చిన్న మువ్వల గుత్తి పెట్టండి, అది కింద పడితే ఆట ఆపేయడమే. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజు నోటికి ఏదీ వద్దు.

అపోహ: ముక్కు దగ్గర కన్నాలుంటే హుడ్ ఎంతసేపైనా ఉంచుకోవచ్చు

పప్ హుడ్స్ (తలకి వేసుకునే కుక్కపిల్ల ముఖం తొడుగులు) ఎక్కువగా నియోప్రీన్‌తో వస్తాయి, అది నీళ్ళలో డైవింగ్ చేసేవాళ్ళ ఒంటి వేడి బయటికి పోకుండా వేసుకునే సరుకు. రోహిణి కార్తెలో మన దగ్గర ఎండకి ఉక్క కూడా తోడై చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడే దారే ఉండదు. ఏసీ గదిలోనే వేసుకోండి, మధ్యమధ్యలో తీసి మజ్జిగో ఓఆర్‌ఎస్సో తాగించండి, కరెంట్ పోతే ముందు తీయాల్సింది హుడ్డే. మాట తడబడినా, తికమకగా ఉన్నా ఆట ఆపి, ఒంటి మీద నీళ్ళు పోసి ఫ్యాన్ కింద పెట్టండి, వెంటనే 108కి కూడా ఫోన్ చేయండి.

మోకాళ్ళకి టైల్స్ వేసే మేస్త్రీలు కట్టుకునే ప్యాడ్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అవి చాలు. షుగర్ ఉన్నవాళ్ళకి ఒరుపు తెలీకపోవచ్చు, ఆట అయ్యాక మోకాళ్ళు, అరికాళ్ళు చూసుకోండి.

అపోహ: కొబ్బరి నూనె అన్నిటికీ పనికొస్తుంది

కోనసీమ నుంచి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగేదే ఇది. తోలుకి ఎక్కువ పట్టిస్తే మెత్తబడి సాగిపోద్ది, కన్నాలు పెద్దవైపోతాయి. లేటెక్స్‌కైతే అస్సలు తగలకూడదు, కండోమ్ అయినా లేటెక్స్ హుడ్ అయినా ఏ నూనె తగిలినా బలం పోయి చిరుగుద్ది. తోక మలద్వారం లోపల పెట్టుకునే రకమైతే వాటర్ బేస్డ్ లూబ్రికెంటే వాడండి, వస్తువు పూర్తి సిలికాన్‌దో స్టీల్‌దో అయ్యుండాలి, అడుగు భాగం లోపలికి వెళ్ళే భాగం కన్నా బాగా వెడల్పుండాలి. లేదంటే లోపలికి జారిపోయి హాస్పిటల్‌లో తీయించుకోవాల్సి వస్తుంది. తోక పట్టుకుని లాగకూడదు, నొప్పి వచ్చినా రక్తం కనిపించినా ఆపేయాలి. కొత్తవాళ్ళు బెల్ట్‌కి తగిలించే తోకతో మొదలుపెట్టండి, అది చూడ్డానికీ బానే ఉంటుంది.

ఇక జూలైలో గోదారికి వరద నీళ్ళొచ్చే రోజులకి గోడలే చెమ్మగా ఉంటాయి, తోలు సంగతి చెప్పక్కర్లేదు. చెమట తడి బట్టతో తుడిచి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టి, గుడ్డ సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టేస్తే బూజు ఖాయం. పైపైన బూజయితే తుడిచి ఆరబెట్టుకోవచ్చు, కుట్టు లోపలికి పాకితే ఆ కాలర్ పారేసి కొత్తది చేయించుకోండి.