ఎర్రమట్టి దిబ్బలు: వివాదమంతా 2016 నాటి హద్దు దగ్గరే

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్ర తీరాన ఉన్న ఎర్ర ఇసుక మేటలైన ఎర్రమట్టి దిబ్బలపై చర్చ మళ్లీ మొదలైంది. వీటి ప్రాచీనత గురించీ, 2014లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ (జీఎస్‌ఐ) వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించడం గురించీ విశాఖవాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేటి వివాదానికి మూలం ఆ తర్వాత 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉంది. అందులో రక్షణ దక్కింది 262.92 ఎకరాలకే. ఎర్రమట్టి మాత్రం ఆ హద్దురాళ్ల దగ్గర ఆగిపోలేదు.

2024 జులైలో పొక్లెయిన్లు చదును చేసింది ఆ హద్దుకు ఆనుకుని ఉన్న నేలనే. స్థలం తమకు ఎన్నో ఏళ్ల క్రితమే కేటాయించినదనీ, రక్షిత ప్రాంతంలోకి రాదనీ ఆ పనులు చేపట్టిన ఇళ్ల స్థలాల సొసైటీ వాదించింది. స్థానికులు, పర్యావరణ కార్యకర్తలు, భూవిజ్ఞాన నిపుణులు ఆందోళనకు దిగారు. కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్‌. శర్మ అధికారులకు లేఖలు రాశారు. చివరకు పనులు ఆగాయి. కాగితం మీద పట్టా, సర్వే నంబరు లేకపోయినా, ఈ దిబ్బలపై నిజమైన కాపలా ఆందోళనకు దిగిన వాళ్లదేనని నాటి ఘటన రుజువు చేసింది.

హద్దు బయటి ఎర్రమట్టినీ కాపాడాలన్న వాళ్ల వాదనలో బలం ఎంతో తెలియాలంటే వాన వెలిసిన మర్నాడు అక్కడికి వెళ్లి చూడాలి. గుప్పెడు మట్టి తీసి నలిపితే ఇసుక రేణువులకు అంటుకున్న ఇనుప ఆక్సైడు అరచేతికి ఎర్రగా అంటుతుంది. గట్టి రాయి కాదు కనుక వాన నీరు దాన్ని సులువుగా కోస్తుంది. వేలెడు వెడల్పున మొదలైన నీటి చాలు పక్క చాళ్లతో కలిసి, నిలువెత్తు గోడల మధ్య లోతైన వాగుగా మారుతుంది. ఎగువన నేల చదును చేసి రోడ్లు వేస్తే నీటి దారి మారిపోతుంది, ఆ మార్పు హద్దుకు లోపలున్న దిబ్బలనూ కోసేస్తుంది. అందుకే సర్వే గీతను కాకుండా చిన గెడ్డ, పెద గెడ్డ అనే వాగుల మధ్య పరుచుకున్న ఎర్రమట్టి నేలనంతా ఒకటిగా చూడాలన్న డిమాండ్ సమంజసమైనది.

2025 సెప్టెంబరులో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరడంతో హద్దు ఎక్కడన్న ప్రశ్న మరింత అత్యవసరమైంది. పూర్తి ప్రతిపాదన పంపాలంటే స్థలం హద్దులు స్పష్టంగా చూపాలి, అవసరమైన చోట దాని చుట్టూ రక్షణ వలయాన్నీ గుర్తించాలి. ఆ పటంలో 2016 నాటి గీతనే మళ్లీ గీస్తారా, లేక వాగులు మొదలయ్యే ఎగువ నేలనూ చేరుస్తారా అన్నది అధికారులు ఇప్పుడే తేల్చాలి.