ఆకాశవాణి గడప బయట సినిమా పాట

పాత సినిమా పాటల కార్యక్రమాలకు మనవాళ్లు పెట్టుకునే పేర్లలో 'ఆపాత మధురాలు' ముందుంటుంది. చాలామంది దాన్ని 'ఆ పాత మధురాలు' అని విడగొట్టుకుని, వెనకటి రోజుల తియ్యని పాటలని అర్థం చెప్పుకుంటారు. అసలు మాట ఒక సంస్కృత శ్లోకంలోది. సంగీతమూ సాహిత్యమూ సరస్వతీదేవి స్తన్యాలని, వాటిలో ఒకటి ఆపాతమధురమని, రెండోది ఆలోచనామృతమని ఆ శ్లోకం చెబుతుంది. ఆపాతమధురమంటే చెవిన పడగానే తియ్యగా ఉండేది. పాత కొత్తలతో దానికి పనిలేదు.

జనం పాటను ఈసడించేవారు మోపే నేరం కూడా అదే కావడం విచిత్రం. వినగానే నచ్చేస్తుంది, వినేవాడు కష్టపడనక్కరలేదు, కాబట్టి అందులో సరుకు లేదంటారు. ఇంకో విచిత్రం ఉంది. ఇవాళ స్వర్ణయుగపు పాటలని మురిసిపోతున్నవాటిలో చాలా భాగం, పుట్టిన రోజుల్లో మన ప్రభుత్వ రేడియో గడప దాటి లోపలికి రాలేకపోయాయి.

1952లో తొలి సాధారణ ఎన్నికల తర్వాత బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. పారిస్‌లో డాక్టరేట్ చేసిన మరాఠీ పండితుడు. స్వయంగా హిందూస్తానీ సంగీతం నేర్చుకున్నారు. సంస్థానాలు పోయాక సంగీత విద్వాంసులకు రాజాశ్రయం పోయింది, ఆ పోషకుడి స్థానంలోకి ప్రభుత్వమే రావాలన్నది ఆయన నమ్మకం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ ఏడాదే శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం మొదలైంది. ఉత్తరాది వినని కర్ణాటక గాత్రాన్ని ఢిల్లీ ఇళ్లకు, దక్షిణాది వినని ఖయాల్ అనే హిందూస్తానీ గానాన్ని మద్రాసు ఇళ్లకు అది చేర్చింది. రవిశంకర్ ఆధ్వర్యంలో వాద్యబృందం ఏర్పడింది. విద్వాంసులను పరీక్షించి శ్రేణులుగా విడగొట్టే పద్ధతి వచ్చింది. పేరు మోసిన కళాకారులు కొందరు దాని మీద మండిపడ్డారు కూడా.

అదే చేత్తో మంత్రిగారు సినిమా పాట గొంతు నొక్కారు. సినిమా సంగీతం చవకబారుదని, శృంగారం శ్రుతి మించిందని, పాశ్చాత్య బాణీలకు నాసిరకం నకలని ఆయన అభిప్రాయం. ముందు ఆకాశవాణిలో సినిమా పాటల సమయాన్ని మొత్తం ప్రసారాల్లో పదో వంతుకు కుదించారు. ఆ పదో వంతులోనూ ఏ పాట వేయాలో జల్లెడ పట్టారు. తర్వాత ఇంకో మెలిక పెట్టారు. పాట వేసేటప్పుడు గాయకుల పేరు చెప్పవచ్చు, సినిమా పేరు మాత్రం చెప్పకూడదు. చెబితే అది సినిమాకు ఉచిత ప్రకటన అవుతుందట. నిర్మాతలకు రేడియో వల్ల ఉన్న అసలు లాభమే అది. వాళ్లు పాటలు వేసుకోవడానికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకున్నారు. కొద్ది నెలల్లోనే ఆకాశవాణి నుంచి సినిమా పాట మాయమైంది. కాగితం మీద ఎవరూ నిషేధం అని రాయలేదు. జరిగింది మాత్రం నిషేధమే.

అప్పటి సినిమా సంగీతం నిజంగా అంత దిగజారిందా? తెలుగులో అంతకు ముందు ఏడాదే 'మల్లీశ్వరి' వచ్చింది. దానికి బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు, పాటలు రాసినవారు దేవులపల్లి కృష్ణశాస్త్రి. హిందీలో 1952లోనే వచ్చిన 'బైజూ బావరా' పాటలన్నీ రాగాల పునాది మీద నిలిచినవి. అందులో ఉస్తాద్ అమీర్ ఖాన్, పండిట్ డి.వి. పలుస్కర్ కలిసి పాడారు. శనివారం రాత్రి జాతీయ కార్యక్రమంలో వినిపించదగిన గొంతులు అవి. అవే గొంతులు సినిమా రికార్డు మీదికి ఎక్కగానే అంటు తగిలినట్టయ్యాయి. చిన్నచూపు స్వరాలను బట్టి పుట్టలేదని నేను అనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. పాట ఏ వాకిట్లోంచి వచ్చింది, ఎవరు పాడారు, ఎవరు డబ్బు చేసుకున్నారు అన్నవే ఆ చూపును నిర్ణయించాయి.

ఈ చూపుకు మూలాలు మూడు. మొదటిది మన దగ్గరున్న పాత నిచ్చెన: మార్గం, దేశి. పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో ఈ విభజన చెబుతాడు. బ్రహ్మ వెతికి పట్టుకోగా భరతాదులు శివుడి ఎదుట ప్రయోగించినది మార్గం. ఆయా దేశాల్లో జనానికి వారి వారి రుచిని బట్టి మనసుకు నచ్చేది దేశి. నిజానికి ఆ గ్రంథంలో ఎక్కువ భాగం దేశి సంగీతం గురించే. శాస్త్రకారుడికి లేని ఈసడింపు తర్వాతివారికి వచ్చింది. మన సాహిత్యంలో పాల్కురికి సోమనాథుడు జనానికి అర్థమయ్యే జాను తెనుగును, ద్విపదను నెత్తిన పెట్టుకుంటే పండితులు ఆయన్ను చాలాకాలం గడప బయటే నిలబెట్టారు. పాటకూ అదే గతి పట్టింది. అయితే ఆ గోడ ఎప్పుడూ గట్టిగా లేదు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు భజన గోష్ఠిలో పదిమందీ అందుకోగలిగేంత సులువైన నడకలో ఉంటాయి. ముత్తుస్వామి దీక్షితులవారి నోట్టుస్వరాలు బ్రిటిష్ బ్యాండు మేళం బాణీలకు సంస్కృతంలో కట్టినవి. 'సంతతం పాహిమాం' పాడి చూడండి, ఇంగ్లండు రాజుగారి గీతం వినిపిస్తుంది. సినిమావాళ్లు పాశ్చాత్య బాణీలు ఎత్తుకొస్తున్నారని కోప్పడినవారు దీక్షితులవారి జోలికి ఎందుకు వెళ్లలేదో ఊహించడం కష్టం కాదు.

రెండో మూలం గురించి మర్యాదస్తులు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గ్రామఫోను రికార్డుల ముందుకు ధైర్యంగా వచ్చినవారిలో ఉత్తరాదిన ఆటపాటలే వృత్తిగా బతికిన తవాయిఫులు, దక్షిణాదిన దేవదాసీ కుటుంబాల స్త్రీలు ముఖ్యులు. 1902లో కలకత్తాలో రికార్డులిచ్చిన గౌహర్ జాన్ ఆ తొలి వరుసలోని మనిషి. పదాలు, జావళీలు, ఠుమ్రీలు అనే శృంగార గీతాలు వారి సొత్తు. సంస్కరణోద్యమం వారి వృత్తిని తప్పు పట్టింది. అక్కడితో ఆగక వారి పాటను కూడా అనుమానంగా చూసింది. కచేరీ వేదిక మర్యాద తెచ్చుకునే కొద్దీ జావళి చివరి అరగంటలోకి జరిగింది. 1946లో సర్దార్ పటేల్ ప్రసార శాఖ చూస్తున్నప్పుడు, వ్యక్తిగత జీవితం లోకం నోట పడిన గాయనీగాయకులను రేడియోకు పిలవకూడదన్న ఆదేశం వచ్చింది. అది ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. అలా తలుపులు మూసుకుపోయిన ఆడవాళ్లలో ఎందరికో నాటకం, గ్రామఫోను, సినిమా నీడనిచ్చాయి. సినిమా పాట ఒంటికి అంటిన మచ్చలో కొంత వారి నుంచి వారసత్వంగా వచ్చినదే. 'పరువు గల ఇంటి పిల్ల సినిమా పాటలు పాడటమేమిటి' అన్న మాట ఎన్ని తెలుగు ఇళ్లలో వినిపించిందో! ఆ మాట అన్న పెద్దలు రాగాల గురించి మాట్లాడలేదు.

మూడోది లండన్ నుంచి వచ్చింది. మన రేడియోను తీర్చిదిద్దడానికి 1935లో వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషి. శ్రోతకు ఇష్టమైనది కాదు, అతడికి మేలు చేసేది వినిపించాలన్నది ఆ సంస్థను నడిపిన జాన్ రీత్ సిద్ధాంతం. 1942లో, యుద్ధం నడుస్తుండగా, నీరసంగా మూలుగుతూ పాడే ప్రేమ పాటలు సైనికుల స్థైర్యాన్ని దెబ్బతీస్తాయని బీబీసీ వాటిని పక్కన పెట్టింది కూడా. మన ఆకాశవాణి అంతకన్నా ముందే, 1940 మార్చిలో, హార్మోనియంను బయటికి పంపింది. స్వరాన్ని ఊపి పలికే గమకం పలకని విదేశీ పెట్టె అని తప్పు పట్టినవారిలో ఇంగ్లీషు స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ ఉన్నారు, రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఉన్నారు. హరికథకుడికీ, నాటక సమాజానికీ, భజన మందిరానికీ ప్రాణమైన ఆ పెట్టె మూడు దశాబ్దాలు గుమ్మం బయటే ఉండిపోయింది. 1971లో గాని సడలింపు రాలేదు.

(అమెరికాలో తలదాచుకున్న జర్మన్ తత్త్వవేత్త థియొడోర్ అడోర్నో 1941లో ఇదే ఈసడింపుకు గంభీరమైన సిద్ధాంతం కట్టాడు. జనరంజక సంగీతమంతా ఒకే అచ్చులో పోసిన సరుకని, పైపై తేడాలే కొత్తదనంగా చెలామణీ అవుతాయని వాదించాడు. నాజీల ప్రచార యంత్రాన్ని చూసి వచ్చినవాడి భయం అందులో ఉంది కనుక కొట్టిపారేయలేం. కాని జాజ్ విషయంలో అతడి చెవి బొత్తిగా మూసుకుపోయింది.)

కేస్కర్ తలుపు మూసేసరికి సముద్రం అవతల కిటికీ తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మౌంట్‌బాటెన్ సేనల కోసం సిలోనులో పెట్టిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం ముగిశాక కొలంబోలోని రేడియో సిలోను చేతికి వచ్చింది. దాని వాణిజ్య విభాగం భారతీయ శ్రోత మీద కన్నేసింది. 1952 డిసెంబరులో ఒక టూత్‌పేస్టు కంపెనీ పేరుతో హిందీ సినిమా పాటల కార్యక్రమం 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. వ్యాఖ్యాత అమీన్ సయానీకి అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసి, టేపులు విమానంలో కొలంబోకు పంపేవారు. అక్కడి నుంచి అది షార్ట్‌వేవ్ మీద తిరిగి మన ఇళ్లకే చేరేది. బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రేడియో ఉన్న ఇంటి ముందు వీధి పోగయ్యేది. పది రేడియోల్లో తొమ్మిది సిలోను పెడతాయి, పదోది పాడైపోయిందని అప్పట్లో ఒక ఛలోక్తి. తర్వాతి కాలంలో సిలోను తెలుగు సినిమా పాటలూ వేసింది. గరగరల మధ్య ముల్లు తిప్పుతూ ఆ పాటలు పట్టుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది.

సినిమా పాటకు విరుగుడుగా ఆకాశవాణి తనే ఒక పాటను తయారుచేసుకుంది. హిందీలో దాన్ని సుగమ సంగీతమన్నారు, తెలుగులో లలిత సంగీతమన్నాం. మాట చూడండి: ఇంగ్లీషువాడి 'లైట్ మ్యూజిక్'లోని తేలికతనం పోయి, తెలుగులో సుకుమారం వచ్చింది. ఈ విరుగుడు తెలుగులో నిజంగానే చక్కగా పండింది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు రేడియోలో ఉంటూ కట్టిన పాటలను, హైదరాబాదు కేంద్రం 'ఈ మాసపు పాట'ను, విజయవాడ 'భక్తిరంజని'ని కేస్కర్ విధానం పట్ల ఎంత కోపం ఉన్నవారైనా వదులుకోలేరు.

అయితే ఆ గోడకు రెండు పక్కలా ఉన్నవారు ఎవరు? రేడియోలో లలిత గీతాలకు తొలి గొంతుల్లో ఒకరైన రావు బాలసరస్వతీదేవి, సినిమాలో తొలితరం నేపథ్య గాయని కూడా. 'మల్లీశ్వరి' కవి కృష్ణశాస్త్రే తర్వాత ఆకాశవాణిలో చేరారు. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో క్రమపద్ధతిగా చదువుకున్న విద్వాంసులు. విజయవాడ రేడియోలో భక్తిరంజనికి ప్రాణం పోసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1963లో 'నర్తనశాల'కు పాడారు. ఒకే మనిషి పొద్దున రేడియో స్టూడియోలో పాడితే లలితం, మధ్యాహ్నం సినిమా స్టూడియోలో పాడితే చవకబారు!

1957 అక్టోబరు 3న ఆకాశవాణి 'వివిధ భారతి'ని మొదలుపెట్టి సినిమా పాటను లోపలికి పిలిచింది. ఓడిపోయామని ఎవరూ చెప్పలేదు. 1967లో వాణిజ్య ప్రకటనలూ వచ్చాయి. ఒకప్పుడు సినిమా పేరు చెప్పడానికే ఒప్పుకోని సంస్థ, తెలుగు 'జనరంజని'లో సినిమా పేరుతో పాటు పాట కోరిన శ్రోతల పేర్లు, ఊళ్ల పేర్లు ఓపిగ్గా చదివింది. కేస్కర్ మాత్రం 1962 దాకా మంత్రిగా ఉండి, ఆ ఎన్నికల్లో ఓడిపోయారు.

చిన్నచూపు పోలేదు, మెట్టు మారింది. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో పాశ్చాత్య పాటల కుర్రకారు శంకరశాస్త్రిని వెక్కిరిస్తే, ఆయన వాళ్ల పాటను స్వరాలతో పాడి నోరు మూయిస్తారు. హాలంతా చప్పట్లు. కర్ణాటక సంగీతపు గౌరవాన్ని తెలుగు జనానికి తిరిగి ఇచ్చింది, వీధుల్లో రికార్డుల మీద మోగిన సినిమా పాటే. శంకరశాస్త్రి గొంతుగా జాతీయ ఉత్తమ గాయకుడి పురస్కారం అందుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతాన్ని గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పేవారు.

'నాటు' అన్న మాట తెలుగులో మెచ్చుకోలుగా పలికేది కోడి విషయంలోనే. నాటు వైద్యం, నాటు సారా, నాటు మనిషి అన్నప్పుడు పెదవి కాస్త విరుస్తాం. శార్ఙ్గదేవుడి 'దేశి'కి అంతకన్నా దగ్గరి తెలుగు మాట దొరకదు. 2023 మార్చిలో ఆ మాటనే రెండుసార్లు పేరులో పెట్టుకున్న పాట లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ అందుకుంది. దాన్ని స్వరపరచినవారి పేరు కీరవాణి. అది కర్ణాటక సంగీతంలో ఇరవై ఒకటో మేళకర్త రాగం పేరు.