పొగ లేదు కాబట్టి నిప్పు లేదా?

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఫోన్లో "తర్కమంటే వాదించి గెలవడమేగా తాతయ్యా" అన్నారు. కాదర్రా. ఒక్క మాటను తిరగేసుకుని, పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్‌, దాన్లోని ఆకంతా పోగొట్టుకున్నవాణ్ణి, నన్నడగండి.

కొండపి దగ్గర మన బ్యారన్‌ కట్టెలతో కాలే రోజులు. పొగాకు ఎక్కించిన రెండో రాత్రి, ఆకు ఇంకా పసుపు తిరుగుతోంది. అప్పుడు వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కలే ఉండాలి, ఎక్కువ పెరక్కూడదు. కాపలా నాది. తెల్లారుజామున కళ్లు తెరిస్తే గొట్టంలో పొగ లేదు. నిప్పు ఆరిందనుకుని, మంచం మీంచే "పొయ్యి నిండా కట్టెలు వెయ్యరా" అని కేకేశాను. లోపల ఎండు సరుగుడు మొద్దులు పొగన్నది లేకుండా కణకణలాడుతున్నాయి. పొద్దెక్కేసరికి ఆకు పసుపు తిరక్కుండా పచ్చగానే బిగుసుకుపోయింది.

పొగ ఉంటే నిప్పుంటుంది, నిజమే. దాన్నుంచి "నిప్పు లేకపోతే పొగ ఉండదు" అని వస్తుంది. "పొగ లేదు కాబట్టి నిప్పు లేదు" అని మాత్రం రాదు. పొగకు నిప్పుతో ఉన్న ఈ విడదీయరాని తోడునే నైయాయికులు, అంటే మన పాతకాలపు తర్కశాస్త్ర పండితులు, వ్యాప్తి అన్నారు. అది ఒకవైపే నడుస్తుంది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. "కొండమీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది" అన్నది ఆయన చెప్పిన ఉదాహరణ. అందులో కొండ పక్షం, దానిమీద ఉందని తేల్చాల్సిన నిప్పు సాధ్యం, కనబడే పొగ హేతువు. మరి నిప్పును చూసి పొగ ఉందనొచ్చా? ఎర్రగా కాల్చిన ఇనపగుండు చూడండి, పొగేది? తడికట్టె తగిలితేనే పొగ. చెప్పకుండా నక్కిన ఆ షరతు పేరు ఉపాధి.

ఇంకో రకం తప్పు చూడండి: "ఒంగోలు ఎడ్లన్నీ ఎగురుతాయి, మాది ఒంగోలు ఎద్దు, కాబట్టి ఎగురుతుంది." అల్లిక సరైనదే, తప్పు పట్టలేం. మొదటి మాటే అబద్ధం. అరిస్టాటిల్ మూడు వాక్యాల్లో తేల్చేదాన్ని మనవాళ్లు ప్రతిజ్ఞ (తేల్చబోయే మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఇక్కడా అంతే అనడం), నిగమనం (ముగింపు) అని ఐదు చేశారు. చాదస్తం అనుకునేవాణ్ణి. కానీ మూడోది చూశారా? వంటింట్లో పొగా నిప్పూ కలిసున్నట్టు, ఎగిరే ఎద్దును ఒకదాన్ని చూపించమంటుంది!

మీ నాయనమ్మతో మాత్రం ఆ రోజు, కట్టెలు తడిసి ఆకు చెడిందన్నాను. తడికట్టెలైతే ఊరంతా పొగ కమ్మాలి కదా అని ఆవిడ అడగలేదు. ఈ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించకండి.

మీ తాతయ్య