ఒక చెయ్యి, రెండు కాగితాలు: సార్జెంట్ పెరాల్టా పతకం వెనక కథ

ఇరాక్ యుద్ధంలో, ఫలూజా నగరంలో నవంబర్ 15న చనిపోయిన అమెరికా సైనికుడు సార్జెంట్ రఫాయెల్ పెరాల్టా పేరు ఆ తేదీ దగ్గరపడితే మళ్లీ వినిపిస్తుంది. దానితోపాటే ఆ పాత ప్రశ్న కూడా: అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ అతనికి ఎందుకు రాలేదు? ఇరాక్ యుద్ధం ఎలా మొదలైందో, ఫలూజా మీద దాడి ఎందుకు జరిగిందో అందరికీ తెలిసినవే. గొడవ పుట్టింది ఫలూజాలో కాదు, 2008 సెప్టెంబరులో, వాషింగ్టన్‌లో.

పెరాల్టా పనిచేసిన సైనిక విభాగం మెరీన్ కోర్ అతన్ని మెడల్ ఆఫ్ ఆనర్‌కే సిఫార్సు చేసింది. అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ ఫైలును ఐదుగురు నిపుణుల ముందు పెట్టారు. వాళ్లు ఏకగ్రీవంగా వద్దన్నారు. గేట్స్ దాని బదులు రెండో స్థాయి పురస్కారమైన నేవీ క్రాస్ ఇచ్చారు.

వాదం ఇదీ. 2004 నవంబర్ 15న ఒక ఇంట్లోకి చొరబడిన పెరాల్టాకు తూటాలు తగిలాయి. ఒక తూటా ముక్క తలలోకి దిగింది. అతను నేలమీద పడి ఉండగా తిరుగుబాటుదారులు గ్రెనేడ్ విసిరారు. దాన్ని అతను చేత్తో తన కిందికి లాక్కున్నాడనీ, అందుకే తాము బతికామనీ అక్కడున్న మెరీన్లు చెప్పారు. తలకు అంత గాయమయ్యాక తెలిసి చెయ్యి కదపడం సాధ్యం కాదని శవపరీక్ష ఆధారంగా కొందరు వైద్యులన్నారు. సాధ్యమేనని మరికొందరన్నారు. మెడల్ ఆఫ్ ఆనర్‌కు అనుమానపు నీడ కూడా ఉండకూడదు కాబట్టి పై పతకం ఆగింది.

ఇంతవరకు అర్థం చేసుకోవచ్చు. అర్థం కానిది నేవీ క్రాస్ ప్రశంసాపత్రం. ప్రాణాలకు ఏమాత్రం వెనకాడకుండా పెరాల్టా చెయ్యి చాచి గ్రెనేడ్‌ను తన శరీరానికి లాక్కున్నాడని, పక్కనున్న మెరీన్లను కాపాడాడని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ చెయ్యి తెలిసి కదలలేదేమో అని పై పతకం ఆపిన ప్రభుత్వమే, తెలిసే కదిలిందని కింది పతకం మీద సంతకం పెట్టింది. ఆ తర్వాత జరిగిందంతా ఈ రెండు కాగితాలు ఒకదానికొకటి పొసగకపోవడం వల్లే.

తల్లి రోసా నేవీ క్రాస్ తీసుకోలేదు. కొడుకు చేసింది నిజమైతే దానికి తగ్గ గౌరవం ఇవ్వాలన్నది ఆమె పట్టుదల. ఆ ఇల్లు ఎలాంటిదో చూస్తే ఆ పట్టుదల అర్థమవుతుంది. మెక్సికోలో పుట్టిన పెరాల్టా, గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజే మెరీన్లలో చేరాడు. గ్రీన్ కార్డు కోసం ఏళ్లతరబడి టెన్షన్‌తో ఎదురుచూసే తెలుగువాళ్లకు ఆ రోజు విలువ వేరే చెప్పక్కర్లేదు. అతని పడగ్గది గోడమీద అమెరికా రాజ్యాంగ ప్రతి, హక్కుల పత్రం, మెరీన్ శిక్షణ పూర్తయిన సర్టిఫికెట్ వేలాడేవి. తమ్ముడికి రాసిన ఉత్తరంలో, నన్ను చూసి గర్వపడమని అడిగాడు.

అప్పటి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యుడు డంకన్ హంటర్ కొత్త ఆధారాలతో ఫైలు తిరిగి తెరిపించాలని చూశారు. తర్వాతి మంత్రులు లియాన్ పనెట్టా, చక్ హేగెల్ ఇద్దరూ గేట్స్ నిర్ణయాన్నే ఉంచారు. 2014లో ఇద్దరు మాజీ మెరీన్లు గ్రెనేడ్ లాక్కున్న కథ తర్వాత అల్లిందేనన్నారు. ఆ మాట బాధ కలిగించినా పక్కనపెట్టలేం. అయితే కళ్లారా చూశామన్న మిగతావాళ్లు తమ మాట మార్చుకోలేదు. ప్రభుత్వం తన ప్రశంసాపత్రంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

2015 జూన్ 8న కాలిఫోర్నియాలోని మెరీన్ స్థావరం క్యాంప్ పెండిల్టన్‌లో రోసా చివరికి నేవీ క్రాస్ అందుకున్నారు. అప్పటికే నౌకాదళం ఒక కొత్త డిస్ట్రాయర్ యుద్ధనౌకకు ఆమె కొడుకు పేరు పెట్టింది. ఆ నౌక 2017 జూలై 29న శాన్ డియెగోలో సేవలోకి వచ్చింది. పెరాల్టా హైస్కూల్ చదివిన ఊరు కూడా అదే.