అమ్మ ఖాతాకు అందని చదువు

పేద విద్యార్థుల తరఫున ప్రభుత్వం కట్టాల్సిన కాలేజీ ఫీజుల (రీయింబర్స్‌మెంట్) బకాయిల గొడవ మళ్లీ రోడ్డెక్కింది. సర్టిఫికెట్లు ఆపారని విద్యార్థులు, డబ్బు ఆపారని యాజమాన్యాలు, మీరు పెట్టిపోయిన బాకీలే కదా అని ఒక పార్టీ, మీరొచ్చాకే పెరిగాయని ఇంకో పార్టీ. విజయవాడ అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో ఈ నాలుగు గొంతులూ వంతులవారీగా వినిపిస్తాయి. ఐదో గొంతు ఒకటుంది. దానికి మైకు లేదు, ఎందుకంటే ఆ మనిషికి ప్రభుత్వం బాకీ పడలేదు. బాకీ పడే జాబితాలోకే ఆ మనిషిని రానివ్వలేదు. ముప్పై దాటాక, పెళ్లయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ చదువుకోవాలనుకునేవారి సంగతి చెబుతున్నాను.

రీయింబర్స్‌మెంట్ ఎవరి హయాంలో పుట్టింది, 35 వేల పరిమితి ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అన్నవి ఈ పాటికి అందరికీ కంఠతా. వాటి జోలికి పోను. పెద్దవయసు విద్యార్థి విషయంలో తలుపు ఎక్కడ మూసుకుందో తెలియాలంటే చూడాల్సింది రెండు జీవోలు. ఒకటి 2019 నవంబరు 30 నాటి జీవో 115. రెండోది 2020 డిసెంబరు 25 నాటి జీవో 77. రెండోదాని పేరు పీజీ కౌన్సెలింగ్ సీజను రాగానే విద్యార్థి సంఘాల కరపత్రాల్లో కనిపిస్తుంది. మొదటిదాన్ని మాత్రం దాదాపు మరిచిపోయారు. నా లెక్కలో అసలు మలుపు అక్కడే ఉంది.

ముందు ఒక దృశ్యం. 2022 చివర్లో విజయవాడలో ఒక వార్డు సచివాలయం. నేను వేరే పని మీద వెళ్లి కూర్చున్నాను. నా ముందు ఒకామె, ముప్పై ఏడేళ్లుంటాయి. వన్‌టౌన్ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది. బీకాం చేసి పద్నాలుగేళ్లయింది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది, గుంటూరు దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకని పాలిథీన్ సంచిలో కాగితాలన్నీ వరుసగా సర్దుకుని వచ్చింది. భర్త పేరు మీద కారుంది, కానీ అది టాక్సీ కాబట్టి, సొంత కారుంటే అనర్హులన్న నాలుగు చక్రాల నిబంధన అడ్డురాదని ముందే కనుక్కుంది. ఆదాయ ధ్రువపత్రం ఉంది. పాత మార్కుల జాబితాలకు రెండేసి జిరాక్సులున్నాయి. కంప్యూటరు ముందున్న అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. ఎంతో మర్యాదగా అడిగాడు:

"మీ అమ్మగారి ఆధార్ ఇవ్వండి మేడం."

"అమ్మ పోయి ఆరేళ్లయింది బాబూ."

"అయితే నాన్నగారిదో, గార్డియన్‌దో..."

"నాకే పదో తరగతి చదివే కొడుకున్నాడు. నాకు గార్డియన్ ఎవరుంటారు?"

అతను నవ్వాపుకున్నాడు. ఆమె ఆపుకోలేదు. ఆ తర్వాత కోర్సు పేరు, కాలేజీ పేరు చూసి అన్నాడు: "ప్రైవేటు కాలేజీలో పీజీనా మేడం? అయితే ఎలాగూ రాదండీ." ముందు అమ్మను అడిగి, ఆ తర్వాత అమ్మ ఉన్నా రాదని చెప్పాడు. అందులో అతని తప్పేమీ లేదు. తెర మీద గడులు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే అడుగుతారు. ఆ వరుసను నిర్ణయించింది వేరేవాళ్లు.

జీవో 115తో జగనన్న విద్యాదీవెన (ఫీజుకు), వసతిదీవెన (హాస్టలు ఖర్చుకు) పథకాల రూపురేఖలు వచ్చాయి. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలకు మించకూడదు. మాగాణి పదెకరాలు, మెట్ట పాతికెకరాలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. దూరవిద్యకు వర్తించదు. మొత్తం ఫీజు వెనక్కిస్తామన్న మాటకు వచ్చిన చప్పట్లలో ఈ చివరి వాక్యం ఎవరి చెవినా పడలేదు. పద్దెనిమిదేళ్లవాడికి ఆ వాక్యంతో పని లేదు. పగలు పని మానలేని నలభయ్యేళ్లవాడికి ఉన్న ఒకే ఒక్క దారి దూరవిద్యే.

2021 ఏప్రిల్‌లో డబ్బు నేరుగా తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణం వినడానికి బాగానే ఉంది: ఫీజు తల్లి చేతి మీదుగా కడితే ఆమె కాలేజీని నిలదీస్తుంది, లోపాలు అడుగుతుంది. యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. ఆ ఏడాదే హైకోర్టు సింగిల్ జడ్జి ఈ పద్ధతిని తప్పుబట్టారు. వ్యవహారం అక్కడితో ఆగలేదు. 2023 నవంబరులో తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతా అన్నారు. 2024–25 నుంచి కూటమి ప్రభుత్వం డబ్బు కాలేజీలకే పంపుతామంది. తల్లా, కాలేజా అన్న ఈ వాదనలో రెండు పక్షాలూ ఒక సంగతిని ప్రశ్న లేకుండా ఒప్పుకున్నాయి. విద్యార్థి అంటే ఒక అమ్మకు కొడుకో కూతురో. ఆ విద్యార్థే ఒక అమ్మ కావచ్చన్న ఊహ జీవో రాసినవారికీ రాలేదు, దాని మీద కోర్టుకు వెళ్లినవారికీ రాలేదు.

ఆ ఊహ ఎప్పుడూ లేదా అంటే, ఉండేది. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. దాని పాత నిబంధనల పుస్తకం తిరగేస్తే ముచ్చటేస్తుంది. ఆదాయం లెక్కేసేటప్పుడు తల్లిదండ్రుల ఆదాయం చూడాలి, ఉద్యోగం లేని వివాహిత విద్యార్థిని అయితే భర్త ఆదాయం చూడాలి అని రాసి ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవారి మాటేమిటి? వారి జీతం, తల్లిదండ్రుల ఆదాయం కలిపినా పరిమితి దాటకపోతే, తప్పనిసరిగా కట్టాల్సిన, తిరిగిరాని ఫీజులన్నీ చెల్లించవచ్చని 1980–81 విద్యాసంవత్సరం నుంచి చేర్చారు. కరస్పాండెన్స్ కోర్సులవారికి ఫీజుతో పాటు పుస్తకాల భత్యం కూడా ఉంది. డబ్బు పెద్దగా ఉండేది కాదు, ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు, అది వేరే బాధ. కానీ విద్యార్థికి పెళ్లి కావచ్చు, ఉద్యోగం ఉండవచ్చు, కాలేజీకి రోజూ వెళ్లలేకపోవచ్చు అని ఢిల్లీలో ఎవరో గుమస్తా నలభై ఏళ్ల కిందటే ఆలోచించాడు. మన రాష్ట్ర పథకం ఎన్నో రెట్లు పెద్ద మనసుతో వచ్చింది. ఆ మూడు వాక్యాలు మాత్రం దాని దగ్గర లేవు.

ఇక జీవో 77. ప్రైవేటు కాలేజీల్లో, ఎయిడెడ్ అయినా అన్ ఎయిడెడ్ అయినా, పీజీ చేసేవారికి 2020–21 నుంచి విద్యాదీవెన, వసతిదీవెన లేవని తేల్చింది. విశ్వవిద్యాలయ కాలేజీల్లో, ప్రభుత్వ పీజీ కాలేజీల్లో చదివితేనే ఇస్తామంది. ఇందులో ఒక వింత ఉంది. ఈ జీవో రావడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, డిసెంబరు 23న, కేంద్ర మంత్రివర్గం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ పథకాన్ని విస్తరించి ఐదేళ్లకు 59,048 కోట్లు ఆమోదించింది. అందులో అరవై శాతం కేంద్రం భరిస్తుందని చెప్పింది. అటు తలుపు తెరుస్తుండగా ఇటు మూశారు.

ఈ నిర్ణయాన్ని సమర్థించినవారి మాట కూడా చెప్పాలి. కొన్ని ప్రైవేటు పీజీ కాలేజీలు రీయింబర్స్‌మెంట్ కోసమే బతుకుతున్నాయని, హాజరు కాగితం మీదే ఉంటుందని, విశ్వవిద్యాలయాల్లో సీట్లు మిగిలిపోతుంటే బయట డబ్బెందుకు పోయాలని వారంటారు. అందులో నిజం లేదనను. పేరుకే నడిచే కాలేజీలను నేనూ చూశాను. కానీ దొంగ హాజరుకు మందు తనిఖీ. ఆ తనిఖీ చేయలేక విద్యార్థినే తప్పించారు.

దాని దెబ్బ అందరికీ సమానంగా తగల్లేదు. ఇరవై రెండేళ్లవాడు నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లోనో, మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయంలోనో సీటు వస్తే పెట్టె సర్దుకుని వెళ్తాడు. వస్త్రలతలో లెక్కలు రాసే ఆమె వెళ్లగలదా? బస్సు దిగితే నడిచి వెళ్లగలిగే కాలేజీ, సాయంత్రం దుకాణం తలుపు మూసేలోపు తిరిగి చేరగలిగే కాలేజీ ఆమెకు కావాలి. విజయవాడ, గుంటూరుల్లో అలాంటివి ఎక్కువగా ప్రైవేటువే. జీవో 77లో వయసు అన్న మాటే లేదు. అయినా అది వయసును బట్టే కోసింది.

వయసు గీతలు అంతకుముందూ ఉండేవి. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఎంబీఏ, ఎంసీఏ కౌన్సెలింగ్ ప్రకటనల్లో రీయింబర్స్‌మెంట్‌కు ఓసీలకు 30 ఏళ్లు, మిగిలినవారికి 34 ఏళ్లు అన్న పరిమితి కనిపించేది. అదీ అన్యాయమే, కానీ అది పైకి కనిపించే గీత. కనిపించే గీత మీద పోట్లాడవచ్చు. న్యాయవిద్యలో అలాగే జరిగింది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ముప్పై ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ 2008లో రాసింది, 2013లో వెనక్కి తీసుకుంది, 2016లో మళ్లీ తెచ్చింది, 2017 మార్చిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. రిటైరైన గుమస్తాలు నల్లకోటు వేసుకోవడం గుంటూరు కోర్టు ఆవరణలో ఇవాళ వింత కాదంటే, ఆ గీత పైకి కనిపించింది కాబట్టే. ఆధార్ గడిలో దాగిన గీత మీద ఎవరు రిట్ వేస్తారు?

మిగిలింది దూరవిద్య. ఈ విషయంలో మన ప్రాంతానికి గర్వపడే హక్కుంది. దేశంలో తొలి సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్, గుంటూరు జిల్లావారే. ఆయన కుర్చీలో ఉన్నది ఏడు నెలలు, ఆ ఏడు నెలల్లో జరిగిన పని ఇది. దానికి 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, పెళ్లితో చదువాగిన ఆడవాళ్లు ఆదివారం తరగతులతో డిగ్రీలు చేశారు. విభజనలో ఆ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది, విభజన చట్టం పదో షెడ్యూలులోని ఉమ్మడి సంస్థల పంచాయితీలో చిక్కుకుంది. 2024లో పదేళ్లు నిండాక ఆంధ్రలోని అధ్యయన కేంద్రాల భవిష్యత్తే ప్రశ్నగా మారింది. కేంద్రం నడిపే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, కొన్ని కోర్సుల్లో ఎస్సీ, ఎస్టీలకు ఫీజు మినహాయింపూ ఉంది. మిగతావారు చేతి డబ్బు కట్టుకోవాలి. ఎందుకంటే జీవో 115లో ఆ చివరి వాక్యం ఉంది కదా.

బ్యాంకు సంగతి చూద్దాం. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలో నాకు నచ్చిన ఒక వాక్యం ఉంది: విద్యార్థికి పెళ్లయి ఉంటే సహ రుణగ్రహీతగా భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, లేదా అత్తమామలు ఉండవచ్చు. సర్కారుకు తట్టనిది బ్యాంకుకు తట్టింది. అప్పు వసూలు చేసుకోవాల్సినవాడికి మనిషి పూర్తిగా కనిపిస్తాడు మరి. నాలుగు లక్షల వరకు తాకట్టు అడగకూడదన్నది ఆ పథకంలోనే ఉన్న మాట. కాగితం మీద మాటకు, కౌంటరు దగ్గర మాటకు ఉన్న దూరం అందరికీ తెలుసు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రుణ పథకం జాతీయ ర్యాంకుల జాబితాలోని సంస్థలకే వర్తిస్తుంది. ఊళ్లో ఉన్న చిన్న కాలేజీ ఆ జాబితాలో ఉండే అవకాశం తక్కువ. విద్యారుణం వడ్డీకి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది, తన చదువుకైనా, భార్యాభర్తల చదువుకైనా. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే అదీ లేదు.

కాబట్టి జరిగేది ఏమిటంటే, మెడలో గొలుసు కుదువకు వెళ్తుంది. లేదా పొదుపు సంఘంలో కుట్టుమిషనుకని తీసుకున్న అప్పు పరీక్ష ఫీజు అవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణం గుమస్తా నాతో అన్న మాట ఇది: "మా అబ్బాయి ఫీజు గురించి అడిగితే సేటు అడ్వాన్సు ఇస్తాడండీ. నా ఫీజు అని చెబితే నవ్వుతాడు. అందుకే అబ్బాయి పేరే చెప్పాను."

జీవో 77ను రద్దు చేస్తామని లోకేశ్ యువగళం పాదయాత్రలో మాట ఇచ్చారు. విద్యార్థి సంఘాలు ఆ మాటను గుర్తుచేయడం న్యాయమే. కానీ ఆ ఒక్క జీవోతో ఈ తలుపు పూర్తిగా తెరుచుకోదు. జీవో 115లో దూరవిద్య వాక్యం ఉన్నంతకాలం, ఇంట్లో పన్ను కట్టేవారుంటే అనర్హులన్న నిబంధన ఆ పన్ను కట్టేది విద్యార్థే అయినప్పుడు ఏం చేయాలో చెప్పనంతకాలం, ఉద్యోగం చేసే విద్యార్థి బయటే నిలబడతాడు. డబ్బు తల్లికి వెళ్లాలా కాలేజీకి వెళ్లాలా అన్న ఇవాళ్టి గొడవలో ఈ రెండింటి ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

సచివాలయంలో కనిపించిన ఆమె మొదటి ఏడాది ఫీజు చీటీ పాడి కట్టింది. ఐదు నెలలు ముందే పాడింది కాబట్టి పాటలో ఎక్కువ డబ్బు వదులుకుంది. దుకాణంలో సాయంత్రాలకు, ఆదివారాలకు మారింది, జీతం సగమైంది. రెండో ఏడాది ఫీజు గడువు, కొడుకు ఇంటర్ అడ్మిషను ఒకే వారంలో వచ్చాయి. ఏది ముందు కట్టిందో నేను అడగలేదు.