డెమో బల్ల ఖాళీ అయిన కాలం: కీబోర్డుల తగాదాకు నేపథ్యం

క్రిస్మస్ దగ్గరపడేసరికి విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని వాద్యాల దుకాణాలకూ, కీబోర్డు కొనడానికి వచ్చేవారికీ మధ్య రేగే వాదన ఈసారీ రేగింది. దుకాణంలో రెండు మూడు మోడళ్లకు మించి కనిపించడం లేదని, ఉన్నవాటిని అట్టపెట్టెలోంచి బయటికి తీయడం లేదని, వాయించి చూస్తామంటే ముందు అడ్వాన్సు కట్టమంటున్నారని కొనేవారి ఫిర్యాదు. గంటసేపు వాయించి, మోడల్ నంబరు ఫోనులో ఫొటో తీసుకుని, మెట్లు దిగకముందే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేవారి కోసం తామెందుకు డబ్బు మదుపు పెట్టాలని దుకాణదారుల ప్రశ్న. ఇద్దరూ చూసి చెబుతున్నదే కాబట్టి ఏ ఒక్కరి మాటా కొట్టిపారేయలేం. అయితే ఆన్‌లైన్ వల్లే ఇదంతా అని ఇరుపక్షాలూ తేలిగ్గా ఒప్పేసుకుంటున్నాయి కాని, తేదీలు వరుసగా పెట్టి చూస్తే ఆ లెక్క కుదరదు.

ఈ ప్రాంతంలో సంగీతం గురించి ఏం రాసినా 1919 నాటి విజయనగరం గాన పాఠశాల (ఇప్పటి సంగీత కళాశాల) దగ్గర, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు గార్ల దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. అది అందరికీ తెలిసిన చరిత్రే కనుక ఇక్కడ వదిలేస్తున్నాను. అందులో నేటి తగాదాకు పనికివచ్చే సంగతి ఒక్కటే ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు నేర్పి పేరు తెచ్చుకున్న ఆ కళాశాలలో కీబోర్డు ఎన్నడూ ప్రధాన పాఠ్యాంశం కాలేదు. వీణ కావలసిన విద్యార్థి బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసేవారి దగ్గరికి వెళ్తాడు, మృదంగం కావలసినవాడు గురువు చెప్పిన చోటికి వెళ్తాడు. కీబోర్డుకు అలాంటి దారి చూపించేవారు లేరు. కొనబోయేవాడికి గురువూ, సలహాదారూ, పరీక్షించే గదీ అన్నీ దుకాణమే అయింది. దుకాణంలో సరుకు తగ్గడం ఇక్కడ ఇంత పెద్ద గొడవ కావడానికి మూలం అదే.

కొనేవారిలో మొదటి వరుస చర్చిలది. పంతొమ్మిదో శతాబ్దం చివర కెనడా బాప్తిస్టు మిషన్ బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం కేంద్రాలుగానూ, లూథరన్ మిషన్ సాలూరు, పార్వతీపురం వైపునూ పనిచేశాయి. ఆ సంఘాల ఆరాధనలో పాటకు పెద్ద పీట. ఒకప్పుడు హార్మోనియం, డోలక్, కంజీర ఉన్న చోటికి కీబోర్డు వచ్చి, ముగ్గురు చేసే పనిని ఒక్కరి చేతికి అప్పగించింది. ఎడమ చేత్తో కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుంటే తాళం దానంతటదే నడుస్తుంది, కుడి చేత్తో పాట వాయిస్తే సరిపోతుంది. ఊరి ప్రార్థనా మందిరానికి కావలసిన కీబోర్డు వేరు: దానికి సొంత స్పీకర్లు ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీల మీద నడవాలి, డోలక్ తాళాలు చెవికి ఇంపుగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు బ్యాటరీలతో నడిచే వాద్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

రెండో వరుస వేదికల వారిది. వారిలో ఆర్కెస్ట్రా పార్టీల అవసరాలు చర్చిల వాటికి పూర్తిగా ఎదురు. పైడితల్లి అమ్మవారి పండుగకో, పెళ్లి వేదికకో వెళ్లేవారికి సొంత స్పీకర్లతో పని లేదు, మిక్సరుకు తీగ కలిపితే చాలు. వారికి కావలసింది తేలిగ్గా మోయగలిగే బరువు, పాటకూ పాటకూ మధ్య క్షణంలో మారే టోన్లు, నాదస్వరం, షెహనాయి పలుకులను సాగదీయడానికి పనికివచ్చే పిచ్ బెండ్. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటివి ఈ వర్గం వేదికల మీద అంతగా కనిపించడానికి కారణం ఆ బరువూ, ఆ భారతీయ టోన్లూ. పద్యనాటకాల వారిది ఇంకొక రకం. ఒకటిన్నర శ్రుతిలో పాడే పాత్ర దిగి, అయిదు శ్రుతిలో పాడే పాత్ర రంగంలోకి వచ్చేసరికి హార్మోనిస్టు వేళ్ల అమరిక మొత్తం మార్చుకోవాలి. కీబోర్డు మీద శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ మీట ఆరు సార్లు నొక్కితే అలవాటైన మెట్ల మీదే పద్యం ఎత్తుకోవచ్చు. ఆ మీట పైనే ఉందా, మెనూలో ఎక్కడో లోపల దాగి ఉందా అన్నది కొన్న తరువాత తెలిస్తే లాభం లేదు. ఇక మూడో వరుసలో పిల్లలకు నేర్పించే తల్లిదండ్రులు ఉంటారు. వారు ధర చూస్తారు, నేర్పే మాస్టారు చెప్పిన పేరు చూస్తారు.

ఈ ముగ్గురినీ ఒకే దుకాణం ఎలా మెప్పించేది? విజయనగరంలో కోట జంక్షను, గంటస్తంభం వైపునో, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలో వాద్యాల దుకాణాలకు వెళ్లినవారికి ఒకనాటి డెమో బల్ల గుర్తుండే ఉంటుంది. ఒక పొడవాటి బల్ల, లేదా మెట్లలా పేర్చిన ఇనుప స్టాండు. కింద చిన్న మీటల కాసియోలు, మధ్యలో అరవై ఒక్క మీటల యమహా, కాసియో మోడళ్లు, పైన గుడ్డ కప్పిన ఒకటో రెండో ఖరీదైన రోలాండ్, కోర్గ్ వాద్యాలు. మన దేశం కోసమే తబలా, తాన్‌పురా ధ్వనులతో యమహా తెచ్చిన ఐ-425, ఆ తరువాతి ఐ-455, కాసియో వారి ‘ఐఎన్’ అక్షరాల మోడళ్లు మధ్య అంతస్తుకు ప్రాణం పోశాయి. బేరం జరిగేది ఎక్కువగా అక్కడే. ఒక్కో మీటను మెల్లగా నొక్కి, మళ్లీ గట్టిగా నొక్కి చూసేవారు. రెండింటికీ ధ్వని ఒకేలా వస్తే అది టచ్ లేని మోడల్ అని పక్కన పెట్టేసేవారు. ఏ కాగితం మీదా ఉండని సంగతి ఇంకొకటి ఉంది: వేగంగా వాయించినప్పుడు మీట వేలి వెంట తిరిగి లేస్తోందా, వెనకబడుతోందా అన్నది. అది వేలికి తప్ప కంటికి తెలియదు.

ఇప్పుడు పోయింది ఈ మధ్య అంతస్తే. చిన్న మీటల బొమ్మ కీబోర్డులు నేటికీ ఉన్నాయి. మొదటి మెట్టు అరవై ఒక్క మీటల మోడల్ ఒకటి రెండు పెట్టెల్లో ఉంటుంది. పెద్ద ఆర్కెస్ట్రా వాద్యం కావాలంటే ఎలాగూ విశాఖపట్నం వెళ్లాల్సిందే, అది పాత మాటే. పల్లె చర్చికీ, రెండేళ్లు నేర్చుకుని పై మెట్టు కోరే పిల్లకూ సరిపోయే నడిమి రకం మాత్రం బల్ల మీద నుంచి మాయమైంది.

ఆన్‌లైనే కారణమైతే ఈ మాయం 2013 తరువాత ఏడాది రెండేళ్లలోనే జరిగి ఉండాలి. అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది 2013లో, ఫ్లిప్‌కార్టు అంతకు ముందే ఉంది. 2016 నవంబరు నోట్ల రద్దు దెబ్బ తగిలింది, 2017లో జీఎస్టీ వచ్చింది. అయినా బల్ల నిలిచింది, కొంచెం చిక్కి నిలిచింది. 2019లో యమహా చెన్నై దగ్గర కర్మాగారంలో కీబోర్డుల తయారీ మొదలుపెట్టినప్పుడు, రాత్రి రైలెక్కితే మర్నాటికి చేరే దూరంలో సరుకు తయారవుతోంది కనుక ఇక కొరత ఉండదని ఆశపడినవారూ ఉన్నారు.

అంతా మారింది 2020 మార్చి 25 తరువాత. దేశమంతా లాక్‌డౌన్ పడింది. ప్రార్థనాలయాలు జూన్ 8 దాకా తెరుచుకోలేదు, తెరిచాక కూడా పాటలకు బృందాలు కూడడం మీద ఆంక్షలు ఉన్నాయి. పెళ్లికి యాభై మంది అన్నప్పుడు ఆర్కెస్ట్రాను ఎవరు పిలుస్తారు? నాటకాలు లేవు, జాతరలు లేవు. దుకాణానికి వచ్చే మూడు వరుసల్లో రెండు ఒక్కసారిగా తెగిపోయాయి. మిగిలిన మూడో వరుస, ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి నేర్చుకుందామనుకున్నవారు, దుకాణం తలుపు మూసి ఉండగా ఫోనులోనే కొనడం అలవాటు చేసుకున్నారు. ఏడేళ్లలో ఆన్‌లైన్ చేయలేని పనిని ఆ కొన్ని నెలలు చేశాయి.

అది ఒక్కటే అయితే బహుశా కోలుకునేవారు. సరిగ్గా ఆ ఏడాది అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకా పట్టణంలో ఏకేఎం సంస్థ చిప్పుల కర్మాగారం కాలిపోయింది. డిజిటల్ సంకేతాన్ని చెవికి వినబడే ధ్వనిగా మార్చే చిప్పులను ప్రపంచంలోని ఆడియో కంపెనీలకు పెద్ద ఎత్తున అందించే సంస్థల్లో అదొకటి. అప్పటికే మొదలైన సెమీకండక్టర్ల కొరతకు ఇది తోడైంది. డిజిటల్ వాద్యాల తయారీ వెనకబడుతోందని యమహా వంటి సంస్థలే తమ వార్షిక లెక్కల్లో చెప్పుకున్నాయి. ఓడ కంటైనర్ల కిరాయి ఆకాశానికి అంటింది. కొరత వచ్చినప్పుడు ఉన్న సరుకు ఎవరికి వెళ్తుంది? దుకాణదారులు చెప్పే మాట ఇక్కడ వినదగినది. డిస్ట్రిబ్యూటరు దగ్గరికి పది పెట్టెలు వస్తే, మొత్తం డబ్బు ముందే కట్టి వంద అడిగేవారికి ఎనిమిది వెళ్లేవని, నెల అప్పు మీద రెండు మూడు అడిగే జిల్లా దుకాణానికి ‘ఏది ఉంటే అది’ అనే జవాబు దొరికేదని వారి అనుభవం. అడిగిన మోడల్ రాదు, వచ్చిన మోడల్ ఎవరూ అడగరు. ఆ రోజుల్లో డెమో కోసం విప్పి పెట్టిన వాద్యాన్ని కూడా అమ్మేసిన దుకాణాలున్నాయి, ఎందుకంటే కొనడానికి వచ్చినవాడికి ఇవ్వడానికి వేరేది లేదు. అమ్మిన దాని చోటులో మరొకటి పెట్టలేదు.

నా ఉద్దేశంలో మలుపు అదే. సరుకు మళ్లీ వచ్చేనాటికి దుకాణం నడిచే పద్ధతే మారిపోయింది. తీగలు, గిటార్లు, కహోన్‌లు (మీద కూర్చుని వాయించే పెట్టె వాద్యాలు), మైకులు, స్పీకర్లు అమ్ముకుంటూ, డోలక్‌లు బిగించుకుంటూ బతకవచ్చని, కీబోర్డు కావాలంటే ‘ఆర్డరు మీద తెప్పిస్తాం’ అంటే సరిపోతుందని ఆ రెండేళ్లు వారికి నేర్పాయి. ధరలు కూడా పెరిగి వచ్చాయి. పాతికవేల పైచిలుకు వాద్యాన్ని విప్పి బల్ల మీద పెడితే అది ఆ రోజు నుంచే పాతది. పదిమంది చేతులు పడిన తరువాత దానిని కొత్త ధరకు ఎవరూ కొనరు. కొత్త మోడల్ వస్తే ధర ఇంకా కింద పడుతుంది. ఆ నష్టాన్ని కంపెనీ భరించదు. అమ్మకాలు జోరుగా ఉన్న రోజుల్లో అది పది పెట్టెల లాభంలో కలిసిపోయేది, ఏడాదికి రెండు మూడు అమ్మే చోట కలవదు.

ఇక్కడ 2017కు ఒకసారి వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ‘దుకాణదారులే ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చుగా’ అనే ప్రశ్న ఇప్పుడు బాగా వినబడుతోంది. జీఎస్టీ వచ్చిన జూలై 1న చేతివృత్తుల దేశీ వాద్యాలను పన్ను లేని వరుసలో పెట్టి, కీబోర్డుల వంటి వాద్యాలను 28 శాతంలో పెట్టారు. నాలుగున్నర నెలల తరువాత నవంబరులో దానిని 18కి దించారు. ఆ దించడంతో పన్ను రేటు గురించిన గొడవ చాలా వరకు సద్దుమణిగింది. మిగిలిపోయిన చిక్కు కాంపొజిషన్ పథకంలో ఉంది. లెక్కల భారం తగ్గుతుందని చిన్న వ్యాపారులు చాలామంది అందులో చేరారు. అమ్మకాల మీద ఒక శాతం కడితే చాలు, కాని కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు, అది వాద్యం ధరలోనే కూర్చుంటుంది. పైగా ఈ పథకంలో ఉన్నవారు రాష్ట్రం దాటి అమ్మకూడదు, ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మకూడదు. ఈ రెండో నిబంధన 2023 అక్టోబరులో సడలింది, అదీ రాష్ట్రం లోపలి అమ్మకాలకే. ఒడిశా గడప మీద ఉన్న ఈ జిల్లాల వ్యాపారికి రాయగడకో, పర్లాకిమిడికో ఒక పెట్టె పంపే వీలు ఇప్పటికీ లేదు. పోటీలో దిగలేదని అతన్ని తప్పుపట్టే ముందు బరిలోకి దిగనివ్వని గీత ఎవరు గీశారో కూడా చూడాలి.

కొనేవారి వాదన కూడా ఉంది. ఆన్‌లైన్‌లో ధర తక్కువ, వాయిదాలు దొరుకుతాయి, నచ్చకపోతే కొన్నిటిని తిరిగి పంపవచ్చు, మాస్టారు చెప్పిన మోడలే వస్తుంది. దుకాణంలో ఉన్నదాన్నే మంచిదని అంటగడతారన్న అనుమానం కొందరిది. అది పూర్తిగా అన్యాయం కూడా కాదు.

అయితే అదే కీబోర్డు ఏడాది తిరిగేసరికి ఎక్కడికి వస్తోందో చెప్పకపోతే ఈ నేపథ్యం సగమే అవుతుంది. ఒక్కో మీట కింద కార్బను చుక్కలున్న రబ్బరు పట్టీ ఉంటుంది. దుమ్మూ, తీరపు తేమా చేరి ఆ చుక్కలు సరిగా తగలకపోతే రెండు మూడు మీటలు మూగబోతాయి. వేరే అడాప్టరు గుచ్చి కాల్చుకున్నవి ఇంకో రకం. పెట్టెలో వచ్చిన వాద్యానికి ఊళ్లో సర్వీసు లేదు కనుక, చర్చివారైనా తల్లిదండ్రులైనా దాన్ని సంచిలో పెట్టుకుని ఆ దుకాణానికే వస్తారు. రబ్బరు పట్టీ తుడిచి బిగించినందుకు ఇచ్చే రెండు మూడు వందల దగ్గర కూడా బేరం జరుగుతుంది.

ఇప్పుడు నలుగుతున్న ప్రతిపాదన ట్రయల్ రుసుము గురించి. పెట్టె విప్పి వాయించి చూపించడానికి కొంత తీసుకుని, కొంటే దానిని ధరలో తగ్గిస్తామని దుకాణదారులు అంటున్నారు. నాలుగైదు చర్చిలు కలిసి ఒకే మోడల్‌కు ఆర్డరు పెడితే రుసుము వద్దనాలని సంఘ పెద్దల షరతు. ఆ మేరకు ఒప్పుకోవడానికి కొందరు వ్యాపారులు సిద్ధంగానే ఉన్నారు. తేలనిది విప్పిన పెట్టె సంగతి: చూసినవారు వద్దని వెళ్లిపోతే దాన్ని ‘ఓపెన్ పీసు’గా తగ్గించి అమ్మాలా, తగ్గించిన ఆ డబ్బును కంపెనీ ఇస్తుందా, డిస్ట్రిబ్యూటరు ఇస్తాడా అన్నదానికి పై నుంచి ఎవరూ జవాబు ఇవ్వలేదు.