మట్టికి పులుసు పరీక్ష

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఇంటి వెనక గది కోసం పునాది తవ్విస్తున్నాం. అక్కడ పాతికేళ్లపాటు బ్యాటరీలు బాగుచేసే షెడ్డు ఉండేది. తీసిన మట్టిని చెరువు గట్టున పోసేస్తానంటున్నాడు ట్రాక్టరతను. మట్టే కదండీ, ఏమవుతుంది?"

చాలా మంచి ప్రశ్న. యూరప్ వ్యర్థాల జాబితాలో తవ్విన మట్టికీ రాళ్లకీ రెండు నంబర్లున్నాయి: ప్రమాదకరమైన పదార్థాలుంటే 17 05 03, లేకపోతే 17 05 04. ఏది ఏ నంబరుదో చూపుకి తెలియదు. మన తూర్పు కనుమల నేల ఎరుపంతా ఇనుప ఆక్సైడే, దానికి భయపడక్కర్లేదు. బ్యాటరీల్లో వాడే సీసం (లెడ్ అనే లోహం) మట్టిలో కలిసిపోతే కంటికీ ముక్కుకీ తెలియదు.

మరి తేల్చేదెలా? మా అమ్మమ్మ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి ఉంచేది గానీ, పులుసు మాత్రం పెట్టనిచ్చేది కాదు. చిలుం దిగుతుందనేది. గిన్నె అదే, లోహమూ అదే. నీళ్లకి లొంగని రాగి చింతపండు పులుపుకి లొంగుతుంది. ప్రయోగశాలలో మట్టికి చేసేదీ సరిగ్గా ఇదే. 100 గ్రాముల మట్టిని 2 లీటర్ల పలచటి ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్‌లోని పులుపులో వేసి, ఆ బాటిల్‌ని నిమిషానికి 30 చుట్ల చొప్పున 18 గంటలు తిప్పుతారు. వడకట్టి, ఆ 'పులుసు'లోకి దిగిన సీసాన్ని కొలుస్తారు. పులుపే ఎందుకంటే, ఊరి చెత్తకుప్పలో కూరగాయలూ అన్నమూ కుళ్లి ఆమ్లాలు పుడతాయి. వాన పడితే ఆ పులుపే మట్టిలోంచి ఊరుతుంది. లీటరుకి 5 మిల్లీగ్రాముల సీసం దాటితే, 2016 నాటి మన నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.

ఇక్కడో ముచ్చటైన లెక్క ఉంది. కిలో మట్టిలో మొత్తం సీసం 100 మిల్లీగ్రాములుంటే, 100 గ్రాముల్లో 10. అదంతా కరిగినా 2 లీటర్లలో లీటరుకి 5. అంటే మొత్తం సీసం కిలోకి 100 లోపుంటే ఈ పరీక్షే అక్కర్లేదు, ఆ 5 దాటే వీల్లేదు! అంతకు మించితే మాత్రం సీసం ఏ రూపంలో ఉందన్నదే ముఖ్యం. బ్యాటరీ పలకల నుంచి రాలే సీసపు సల్ఫేటు మామూలు నీటిలో చాలా కొద్దిగానే కరుగుతుంది. ఎసిటిక్ ఆమ్లం నుంచి వచ్చే ఎసిటేటు అయాన్లు చేరితే అవి సీసాన్ని పట్టుకుని ద్రవంలోకి లాగుతాయి.

స్థలం కొనేముందు మట్టిని నాలిక మీద వేసుకుని, తియ్యగా ఉంటే మంచి నేల అనేవారు పెద్దలు. దయచేసి ఆ పని చేయకండి. సీసపు ఎసిటేటు తియ్యగా ఉంటుంది! బడిలో లవణాల పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పినా పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇక రాళ్లు. సెంటీమీటరు ఘనపు రాయికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే పదో వంతు మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే 600. బయటి నుంచి వచ్చిన లోహం ఉపరితలాన్నే అంటుకుంటుంది కాబట్టి విషమంతా సన్నమట్టిలోనే ఎక్కువ. రాళ్లతో కలిపి పొడిచేసి పరీక్షిస్తే అంకె తగ్గిపోయి మోసపోతాం.

అందుకని అమ్మా, ముందు మట్టి తడిపి, దుమ్ము లేవకుండా రాళ్లు ఏరించండి. సన్నమట్టిని టార్పాలిన్ మీద పోసి పైనా కప్పించండి. కుప్పలో పదిచోట్ల, లోపలి నుంచి కూడా, పిడికెడేసి తీయించి బాగా కలిపి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన ప్రయోగశాలకి పంపండి. మొత్తం సీసం, పులుసు పరీక్ష రెండూ అడగండి. రెండోది గట్టెక్కినంత మాత్రాన పిల్లలు ఆడుకోదగ్గ మట్టని అర్థం కాదు, చేతులు నోట్లో పెట్టుకునే వయసు సంగతి ఆ పరీక్ష చూడదు. ఫలితం వచ్చేదాకా ట్రాక్టరుని చెరువు వైపు వెళ్లనివ్వకండి.